ఇరవై మూడో పేజీ

ఆ స్కూల్లో భాష చెప్పే మేడంకి పిల్లలు పెట్టిన పేరు కామా మేడం. పేర్లు పెట్టడంలో పిల్లలకి జాలీ దయా ఉండవు గానీ, ఈ పేరు మాత్రం ఆవిడకి అతికినట్టు సరిపోయింది. ఆవిడ ఏ వాక్యాన్నీ ఒక పట్టాన ముగించదు. "తప్పు రాశావు" అంటే సరిపోయే చోట, "బాగానే రాశావు కానీ, ఇంకాస్త చూసుకుని ఉంటే, అంటే నేననేది ఏమిటంటే," అంటూ గంట కొట్టేదాకా సాగదీస్తుంది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఒక్కరి మనసూ నొప్పించలేదని ఆవిడకి లోలోపల కాస్త గర్వం కూడా ఉంది. అందరితోనూ మంచిగా ఉన్నానని గర్వపడేవాళ్ళని చూస్తే నాకెందుకో భయం. వాళ్ళ మంచితనం ఖరీదు ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు.

ఆ ఏడాది పై ఆఫీసు నుంచి ఒక కొత్త కార్యక్రమం వచ్చింది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకి గురువారం చివరి పీరియడ్‌లో చెప్పాలి. పుస్తకం అట్ట మీద పేరు చాంతాడంత ఉంది. 'కౌమార దశలో ఆరోగ్యకరమైన నిర్ణయాలు, అనుబంధాలు' అని. పిల్లలు దాన్ని నిమిషంలో కోసి 'బతుకు పీరియడ్' చేసేశారు. నిద్ర, తిండి, సిగరెట్టు, ఫోను, స్నేహం అంటే ఏమిటి, ప్రేమ పేరుతో ఒత్తిడి చెయ్యడం అంటే ఏమిటి, అన్నీ ఉన్నాయందులో. చెప్పాల్సింది స్కూలు నర్సమ్మ. నర్సమ్మ ముక్కుసూటి మనిషి. సూది వేసేటప్పుడు "నొప్పెట్టదమ్మా" అని అబద్ధం చెప్పదు, "నొప్పెడుతుంది, మూడు లెక్కపెట్టు" అంటుంది.

పుస్తకం వేరే భాషలో ఉంది. దాన్ని పిల్లల భాషలోకి మార్చే పని కామా మేడం మీద పడింది. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆవిడ చాలా బాగా చేసింది. శరీరంలో మార్పుల గురించిన పాఠం చదువుతూ వెనక బెంచీ వాళ్ళు కూడా కిసుక్కుమనలేదంటే ఇంకేం కావాలి. నలభై పేజీల్లో ముప్పై తొమ్మిదింటికి ఎవరూ వంక పెట్టలేరు. మిగిలిన ఆ ఒక్కటే, ఇరవై మూడో పేజీ, కొంప ముంచింది.

ఆ పేజీలో ఒక అభ్యాసం ఉంది. ఇద్దరిద్దరు నిలబడాలి. ఒకరు ఏదో అడగాలి. ఒక దమ్ము లాగమనో, ఫోటో పంపమనో, ఒంటరిగా కలుద్దామనో. రెండోవాళ్ళు కాదనాలి. ఏమని కాదనాలో మూలంలో ఒకే ఒక్క చిన్న మాట రాసి ఉంది.

"దీనికి 'వద్దు' అని పెట్టండి, సరిపోతుంది," అంది నర్సమ్మ, మందుల బీరువా తాళం వేస్తూ.

"అంత మొహం మీద కొట్టినట్టు ఎలా అంటారమ్మా పిల్లలు? మన మాటల్లో మర్యాదగా తప్పుకునే పద్ధతి ఉంది కదా, 'ఇప్పుడు కాదు, చూద్దాంలే' అని, అది కూడా కాస్త నవ్వుతూ అంటే, అవతలివాళ్ళకీ బాధ ఉండదు,"

"చూద్దాంలే అంటే చూద్దామనే కదా మేడం?"

"ఆ 'లే'లోనే ఉందమ్మా అంతా. 'లే' అని కాస్త దీర్ఘం తీశామంటే ఇక అది జరగదనే అర్థం. మా నాన్నగారు జన్మలో ఎవరికీ వద్దని చెప్పలేదు, అన్నీ చూద్దాంలే. మా ఇంట్లో చంటి పిల్లలకి కూడా తెలుసు ఆ మాట వినగానే ఆశ వదులుకోవాలని."

"మీ ఇంట్లో పిల్లలకి తెలుసు. పదిహేనేళ్ళ మగపిల్లాడికి, అందులోనూ మనసు పడ్డవాడికి, ఎక్కడ తెలుస్తుంది?"

కామా మేడం నవ్వేసింది. పుస్తకం శనివారానికల్లా ప్రింటుకి వెళ్ళాలి. నర్సమ్మకి ఆ వారం వంద మంది పిల్లల కళ్ళు పరీక్షించే పని ఉంది. వాదన అక్కడే ఆగిపోయింది. ఇరవై మూడో పేజీలో అచ్చు ఇలా పడింది: 'చిరునవ్వుతో, ఎదుటివారి మనసు నొప్పించకుండా, ఇప్పుడు కాదు, చూద్దాంలే అని చెప్పండి.' తను మార్చానని ఎక్కడా రాయలేదు. మూలంలోనే అలా ఉందని చదివినవాళ్ళు అనుకున్నారు.

తొమ్మిదో తరగతిలో మూడో బెంచీలో ఒక పిల్ల ఉండేది. క్లాసంతా డిక్షనరీ అని పిలిచేవారు. తెలియని మాట కనపడితే అర్థం వెతికేదాకా అన్నం సయించదు ఆ పిల్లకి. తండ్రి లేడు. తల్లి మందుల షాపులో కౌంటర్ దగ్గర పని చేస్తుంది. కామా మేడంకి ఆ పిల్లంటే ప్రాణం. ఆ పిల్లకీ మేడం చెప్పిందంటే ఇక దానికి తిరుగులేదు. పుస్తకంలో అచ్చయిన మాట అబద్ధమాడుతుందని కలలో కూడా అనుకోని పిల్ల.

పక్క సెక్షన్‌లో స్కూలు జట్టుకి గోలు కాసే కుర్రాడొకడు ఉన్నాడు. అందరూ గోల్‌కీపర్ అనే అనేవారు. పొడుగ్గా, సిగ్గుగా, తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉండేవాడు. దుర్మార్గుడేం కాదు. గురువారం చివరి పీరియడ్ ఆట ప్రాక్టీసుకి పోతాడు కాబట్టి ఆ ఇరవై మూడో పేజీ వాడి కంట పడలేదు. వాడు డిక్షనరీ మీద మనసు పడ్డాడు. ఎవరి దగ్గరో నంబరు సంపాదించి మెసేజ్ పెట్టాడు.

మొదటి మెసేజ్‌లో 'ఫ్రెండ్స్‌గా ఉందామా' అన్నాడు. తర్వాత 'సాయంత్రం సైకిల్ స్టాండ్ దగ్గర ఆగుతావా' అన్నాడు. ఆ తర్వాత 'ఒక ఫోటో పంపవా' అన్నాడు. అన్నిటికీ ఆ పిల్ల ఒకటే జవాబు పెట్టింది. 'ఇప్పుడు కాదు, చూద్దాంలే.' పుస్తకంలో చిరునవ్వుతో అని ఉంది కాబట్టి, ప్రతిదాని చివరా ఒక నవ్వు బొమ్మ.

ఫోనులో అక్షరాలకి గొంతు ఉండదు. దీర్ఘం తీసే 'లే'కీ, ఆశపెట్టే 'లే'కీ తేడా తెలియదు. గోల్‌కీపర్ ఆ నవ్వు బొమ్మని రోజుకి పదిసార్లు చూసుకున్నాడు. ఒప్పుకున్నట్టే, కాస్త బెట్టు చేస్తోందని స్నేహితులతో అన్నాడు. స్నేహితులు ఊరుకుంటారా? వాణ్ణి ములగచెట్టెక్కించారు. రెండు నెలలు ఇలాగే సాగింది. ఆ పిల్ల తను వద్దంటున్నాననుకుంది. వాడు ఆగమంటోందనుకున్నాడు.

ఒక బుధవారం స్కూలు వదిలాక సైకిల్ స్టాండ్‌లో వాడు ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. "ఇంకా ఎన్నాళ్ళు చూస్తావు?" అన్నాడు. ఆ పిల్ల విదిలించుకుంది. వదలలేదు. రెండు చేతులతో తోసేసింది. వాడు వెనక్కి సైకిళ్ళ మీద పడ్డాడు. పై పెదవి చీలి మూడు కుట్లు పడ్డాయి, ముందు పన్ను ఒకటి సగం విరిగింది.

మర్నాడు పొద్దున్న అందరూ ప్రిన్సిపాల్ గదిలో చేరారు. ప్రిన్సిపాల్, పెదవికి దూదితో గోల్‌కీపర్, వాడి తండ్రి, షాపు కోటు విప్పకుండానే పరిగెత్తుకొచ్చిన డిక్షనరీ తల్లి, డిక్షనరీ. క్లాస్ టీచర్ కాబట్టి కామా మేడం. నర్సమ్మ ఆ వారమంతా శిక్షణకని వేరే ఊళ్ళో ఉంది.

ప్రిన్సిపాల్ గోల్‌కీపర్ ఫోను తీసుకుని మెసేజ్‌లు పైకి చదివాడు. ఒక్కో జవాబు తర్వాతా, "నవ్వు బొమ్మ" అని కూడా చదివాడు.

"పదకొండు సార్లు నవ్వావు కదమ్మా," అన్నాడు వాడి తండ్రి. "నవ్వుతూ ఊరించి, చివరికి మావాడి పళ్ళు రాలగొట్టావు."

"ఒక్కసారైనా వద్దని చెప్పావా నువ్వు?" అని అడిగాడు ప్రిన్సిపాల్.

"చెప్పాను సార్. పదకొండు సార్లూ వద్దనే చెప్పాను," అంది డిక్షనరీ. సంచీలోంచి పుస్తకం తీసి, ఇరవై మూడో పేజీ విప్పి బల్ల మీద పెట్టింది. "ఇందులో ఇలాగే చెప్పాలని ఉంది సార్. మాట కూడా మార్చలేదు నేను."

వాడు చెయ్యి పట్టుకున్నాడన్న సంగతి ఆ గదిలో ఎవరికీ పట్టలేదు. వద్దన్నా, చూద్దామన్నా, అసలేమీ అనకపోయినా, ఒప్పుకోని పిల్ల చెయ్యి పట్టుకోవడం తప్పే. ఆ ముక్క అదే పుస్తకంలో ముప్పయ్యో పేజీలో స్పష్టంగా ఉంది. దాన్ని పిల్లల భాషలోకి తెచ్చిందీ మేడమే. ఆ పేజీ తిప్పి చూపించినా సరిపోయేది. తిప్పలేదు.

ప్రిన్సిపాల్ పుస్తకం చూసి, కళ్ళజోడు తీసి, కామా మేడం వైపు తిరిగాడు. "ఏం మేడం, ఇది పై నుంచి వచ్చిన మాటేనా? ఇలాగే చెప్పమన్నారా వాళ్ళు?"

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆ పిల్ల కూడా చూసింది. భయం తగ్గిన మొహంతో చూసింది, మేడం ఉందిగా అన్నట్టు.

'కాదండీ, అది నేను మార్చాను. మూలంలో ఉన్నది వద్దు అనే మాట.' ఇంతే అనాల్సింది. రెండు చిన్న వాక్యాలు. అవి ఆవిడ నాలుక చివరిదాకా వచ్చాయి. ఆ వెంటనే పై ఆఫీసు గుర్తొచ్చింది, అట్ట మీద అనువాదం అంటూ వేసిన తన పేరు గుర్తొచ్చింది, ఇరవై ఆరేళ్ళుగా ఎవరితోనూ మాట పడకపోవడం గుర్తొచ్చింది. నీళ్ళు నమిలింది.

"అంటే, పుస్తకం ఉద్దేశం అది కాదండీ, అదొక ఉదాహరణ మాత్రమే, సందర్భాన్ని బట్టి, పిల్లలు కూడా కాస్త వివేకంగా అర్థం చేసుకోవాలి కదా,"

"అదీ సంగతి," అన్నాడు ప్రిన్సిపాల్. "పుస్తకంలో తప్పేం లేదు. నువ్వే అర్థం చేసుకోలేదు."

డిక్షనరీ మేడం వైపు ఇంకాసేపు చూసి, పుస్తకం మూసి సంచీలో పెట్టుకుంది. మాటల అర్థాలు తెలియవని ఆ పిల్లని ఎవరైనా అనడం అదే మొదటిసారి.

ఆ పిల్ల క్షమాపణ రాసివ్వాలని తేల్చారు. "మేడం, మీరే కాస్త మంచి భాషలో రాయించండి," అన్నాడు ప్రిన్సిపాల్. స్టాఫ్ రూంలో కామా మేడం చెప్పింది, ఆ పిల్ల రాసింది. 'నా ప్రవర్తన వలన తోటి విద్యార్థికి అపార్థము, తదుపరి గాయము కలిగినందుకు మిక్కిలి చింతిస్తున్నాను.' ఎవరు ఏం చేశారో ఎక్కడా తెలియకుండా, ఎంతో అందంగా కుదిరింది ఉత్తరం. ఒక చోట ఒత్తు తప్పితే మేడం దిద్దించింది కూడా. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ ఆవిడకి తల తీసేసినట్టు ఉంటుంది.

మర్నాడు ఆ తల్లి వచ్చి టీసీ తీసుకుని పిల్లని వేరే స్కూలుకి మార్చేసింది. పరీక్షలు మూడు నెలలు కూడా లేవు. ఆగమని చెప్పడానికి కామా మేడం వరండాలోకి వచ్చింది గానీ, ఆవిడ వాక్యం మొదలయ్యేలోపే తల్లీకూతుళ్ళు గేటు దాటారు.

సోమవారం నర్సమ్మ వచ్చింది. జరిగింది విని నేరుగా కామా మేడం దగ్గరికొచ్చింది.

"మీరు చెప్పలేదా మేడం? అది మీరు మార్చిందని?"

"చెబుదామనే అనుకున్నాను,"

"అనుకుంటే ఏం లాభం? నా తప్పూ ఉంది. ఆ రోజు వదిలెయ్యకుండా ఇంకో మాట అనాల్సింది." అంది నర్సమ్మ. "ఆ పిల్ల కరెక్టుగా చేసింది మేడం. మనం చెప్పిందే చేసింది."

కామా మేడంకి ఆ రోజు నుంచి నిద్ర పట్టలేదు. వారం తిరక్కుండా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఆయన, "అయిపోయిన విషయం ఇప్పుడెందుకు మేడం, పేజీ మార్చుకుంటే పోలా?" అన్నాడు. సరే, పేజీ మార్చారు. 'వద్దు అని చెప్పండి' అని అచ్చేసిన చీటీలు పాత మాట మీద అంటించారు. నూట అరవై పుస్తకాలకీ మేడమే స్వయంగా జిగురు రాసి అంటించింది.

అది చూసి గోల్‌కీపర్ ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూం గుమ్మంలో నిలబడ్డాడు. పెదవి మీద కుట్ల గుర్తు ఇంకా ఎర్రగానే ఉంది.

"మేడం, మరి ఆ అమ్మాయి మొదటి నుంచీ వద్దనే అందా?"

"అవును."

"మొదటిసారే తెలిసుంటే ఆగిపోయేవాణ్ణి మేడం," అన్నాడు. నిజంగా ఆగేవాడో లేదో వాడికీ తెలియదు, మనకీ తెలియదు. "చెయ్యి పట్టుకోకుండా ఉండాల్సింది," అన్నాడు మళ్ళీ, తనలో తను అనుకున్నట్టు. ఆ మాట వాడి చేత అనిపించడానికి ఎవరూ ఉత్తరం రాయించలేదు.

పరీక్షల ఫలితాలొచ్చాక ఒక సాయంత్రం, ధైర్యం కూడగట్టుకుని, కామా మేడం మందుల షాపుకి వెళ్ళింది. తల్లి కౌంటర్ దగ్గర మాత్రల పట్టీ కత్తిరిస్తోంది. డిక్షనరీ స్టూలు ఎక్కి అరల్లో సీసాలు సర్దుతోంది. బాగా చిక్కిపోయింది. మేడంని చూసి దిగి, "రండి మేడం," అంది. ఆ మర్యాద చూసి ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

"తప్పు నాదమ్మా," అంది మేడం. ఈసారి సాగదియ్యలేదు. "ఆ మాట పుస్తకంలో లేదు. నేను పెట్టాను. ఆ రోజు చెప్పలేదు. ప్రిన్సిపాల్‌గారికి తర్వాత చెప్పాను. నువ్వు మళ్ళీ మన స్కూలుకి రావచ్చు, నేను మాట్లాడతాను."

తల్లి కత్తెర పక్కన పెట్టింది. "ఇప్పుడు చెప్పి ఏం చేస్తారు మేడం? మీరు రాయించిన ఆ ఉత్తరం ఫైల్లో పెట్టి పంపారు. కొత్త స్కూల్లో మొదటి రోజే చదివారు. అంతా చదివి, చివరికి ఏమన్నారో తెలుసా? భాష చాలా బాగుంది, మీ అమ్మాయే రాసిందా అని అడిగారు."

మేడం డిక్షనరీ వైపు తిరిగింది. "నువ్వేం చెప్పావు?"

"నేనే రాశానని చెప్పాను మేడం," అంది ఆ పిల్ల. "కాదంటే ఎవరు రాశారని అడుగుతారు కదా. మీ పేరు చెప్పాల్సి వస్తుందని."

అప్పుడే ఎవరో దగ్గు మందు కోసం వచ్చారు. ఆ పిల్ల మళ్ళీ స్టూలెక్కింది. కామా మేడం కౌంటర్ పట్టుకుని నిలబడిపోయింది. వచ్చినాయనకి చిల్లర తీసుకోవడానికి అడ్డంగా ఉన్నానని కూడా తెలియలేదు ఆవిడకి.

మర్నాడు ఉదయం సెలవు పెట్టి ఆ కొత్త స్కూలు ఆఫీసుకి వెళ్ళింది. సెలవుల్లో ఉన్న స్కూలు, బెంచీలన్నీ ఒక మూల పేర్చి ఉన్నాయి. గుమాస్తా ఒక్కడే ఫ్యాను కింద కూర్చున్నాడు.

"ఒక అమ్మాయి ఫైల్లోంచి ఒక కాగితం తీసెయ్యాలండీ," అంది.

"మీరు ఆ అమ్మాయికి ఏమవుతారు?"

"ఏమీ కాను. ఆ కాగితం నేను రాశాను."

గుమాస్తాకి ఆ జవాబు కొరుకుడు పడలేదు. అంతా విప్పి చెప్పాక ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు గానీ, తల అడ్డంగా ఊపాడు. "ఫైల్లో చేరింది తియ్యడానికి లేదమ్మా. కావాలంటే మీరూ ఒక కాగితం రాసివ్వండి, చేరుస్తాను."

కామా మేడం అక్కడే తెల్ల కాగితం అడిగి తీసుకుంది. ఐదు వాక్యాలు రాయడానికి గంట పట్టింది. రెండు చోట్ల కొట్టివేతలు పడ్డాయి. గుమాస్తా తీసుకుని చదివాడు.

"భాష కాస్త చూసుకోకూడదామ్మా? నేను మార్చాను, నేను దాచాను, నేను రాయించాను అని ప్రతి లైన్లో నేనే నేనే అని ఉంది."

"ఉండనివ్వండి."

అతను కాగితానికి కన్నాలు వేసి, ఫైలు దారం విప్పి, అన్నిటికన్నా వెనక గుచ్చబోయాడు.

"ఆ ఉత్తరానికి ముందు పెట్టకూడదా బాబూ? తెరవగానే ఇదే కనపడేలా," అంది ఆవిడ, దాదాపు బతిమాలుతున్నట్టు.

"కుదరదమ్మా, తేదీల వరసలో ఉండాలి," అన్నాడు గుమాస్తా. "మీరు ఆ రోజే రాసిచ్చుంటే ముందుండేది."